రెండో గేరు

గొలుసు తెగితే ఎలా అన్న ఆలోచన గొలుసు కన్నా ముందే పైకెక్కి కూర్చుంది సీట్లమ్మ బుర్రలో.

షెడ్డు కప్పు కింద అడ్డంగా వేసిన ఇనప దూలానికి బరువులెత్తే చెయిన్ బ్లాకు వేలాడుతోంది. దాని కొక్కేనికి కారు ఇంజను, ఇంజను వెనకాల తోకలాగా గేరుబాక్సు, రెండూ కలిపి కట్టి ఉన్నాయి. కొడుకు గొలుసు లాగుతున్నాడు. నాలుగు లాగులకి ఇంజను ఒక వేలెడు ఎత్తు లేస్తోంది. ఆ కారుతో వచ్చిన తంటా అదే. గేరుబాక్సు ఒక్కటీ కిందనుంచి దించుకుందామంటే కుదరదు, ఇంజనుతో సహా పైకి లాగాల్సిందే. పన్ను నొప్పికి తలకాయ ఊడదీసినట్టుంది ఈ ఇంగ్లీషు వాళ్ళ కారు అని కొడుకు పొద్దుటినుంచీ నవ్వుతూనే ఉన్నాడు. సీట్లమ్మకి నవ్వు రాలేదు.

"దాని కింద చెయ్యి పెట్టకు."

"పెట్టలేదమ్మా."

"కాలు?"

"కాళ్ళు ఇంట్లో పెట్టి రాలేను కదమ్మా."

షెడ్డు వెనక సగం కొడుకుది. గేరుబాక్సులూ, గ్రీజూ, నల్లటి నేలా. ముందు సగం ఆవిడది. కుట్టు మిషనూ, తోలు చుట్టలూ, పొడుగాటి బల్లా. బళ్ళకి సీట్లు కుడుతుంది కాబట్టి వీధిలో అందరికీ సీట్లమ్మ. కొడుక్కి మాత్రం, హుషారుగా ఉన్న రోజున, జాగ్రత్తమ్మ. వాడు పది నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ మనసు ఆస్పత్రిదాకా వెళ్ళి మంచం వెతుక్కుని వస్తుంది. ఫోను మోగితే పలకరించే ముందు "ఏమైంది?" అంటుంది.

ఆవిడ భర్త తిరగేసిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. చూపు ఎదురుగోడ మీద, చెవులు ఇంజను మీద. ముప్పై ఏళ్ళుగా ఆ కారుకి ఆయనే డ్రైవరు. ముదురాకుపచ్చ రంగు, టాపు లేదు, నేలబారుగా ఉంటుంది, రెండే రెండు సీట్లు. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో కారు గల అమ్మగారు. రోజూ సాయంత్రం ఊరి చివరిదాకా ఒక చుట్టు. ఆ కారు రెండో గేరు ఆయన మాట తప్ప ఎవరి మాటా వినదు. క్లచ్చి ఒకసారి తొక్కి వదిలి, యాక్సిలేటరు కాస్త అందించి, మళ్ళీ తొక్కి, అప్పుడు వేలితో తోసినట్టు తోస్తే చప్పుడు లేకుండా పడుతుంది. ఇంకెవరైనా వేస్తే రాళ్ళు నమిలినట్టు కరకరలాడుతుంది. కొడుకంతటి మెకానిక్కి కూడా పడలేదు. అదొక గర్వం ఆయనకి. ఇల్లాలిని సముదాయించేవాడికి ఈ గేరెంత అనేవాడు.

ఈసారి అలాంటి మాటలేం రాలేదు. కారుని ఆయన నడిపి కూడా తేలేదు. నడిపితే గేరు పళ్ళు ఇంకా పోతాయని చెప్పి ట్రాలీ మీద ఎక్కించి తెమ్మన్నాడు. ఇప్పుడు డ్రమ్ము మీద కూర్చుని వైద్యుడికి రోగం చెప్పుకున్నట్టు వరసగా చెబుతున్నాడు. మూడులోంచి రెండుకి దించేటప్పుడే ఎక్కువ గోల. మొదటి గేరులో కిందనుంచి సన్నగా ఏడుపు. పల్లంలో కాలు తీస్తే మూడోది దానంతటదే జారిపోతోంది.

"ఇన్నేళ్ళూ దీనికేం జబ్బని అడిగితే, మర్యాద తెలిసినవాడికే పడుతుందని తోసేసేవాడివి కదా నాన్నా" అన్నాడు కొడుకు గొలుసు ఆపి.

"ఇప్పుడు చెబుతున్నానుగా. గుర్తుపెట్టుకో."

మధ్యాహ్నానికి గేరుబాక్సు బల్ల ఎక్కింది. మూత తీయగానే పాత నూనె వాసన షెడ్డంతా నిండింది. కొడుకు కింది షాఫ్టుని మెల్లగా బయటికి తోస్తూ, లోపలి నుంచి రాలిన సూదుల్లాంటి సన్నని రోలర్లని ఒక రేకు మూతలో పోసుకున్నాడు. ఎలాగూ కొత్తవి వేసేవే. అయినా పాతవాటి లెక్క సరిపోవాలి, ఒక్కటి లోపల ఉండిపోయినా బాక్సుని నమిలేస్తుంది. షాఫ్టు మీద మశూచి వచ్చిన మొహంలా గుంటలు. "చూడు నాన్నా, నువ్వు చెప్పిన ఏడుపు ఇదే" అన్నాడు. ఆయన చూద్దామని డ్రమ్ము మీంచి లేచాడు. పక్కనే ఉన్న రేకు మూతకి కాలు తగిలింది. రోలర్లు చిందరవందరగా నేలంతా దొర్లాయి.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారండీ" అంది సీట్లమ్మ, ఇంకా దూలం కేసే చూస్తూ.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద అరచేత్తో తడిమాడు. ఆవిడ అయస్కాంతం ముక్క తెచ్చింది. తల్లీకొడుకులిద్దరూ ఒక్కొక్కటే ఏరారు. లెక్క సరిపోయేసరికి టీ చల్లారిపోయింది.

మర్నాడు ఆవిడ సీట్లు విప్పింది.

తోలు అరికాలి పగుళ్ళలా చీలిపోయి ఉంది. చట్రానికి బిగించిన ఇనప రింగుల్ని కటింగు ప్లేయరుతో ఒక్కొక్కటే తెంపుతూ, పై తొడుగు చిరగకుండా ఒలిచింది. చిరిగితే కొత్తదానికి నమూనా దొరకదు. కింద గుర్రపు వెంట్రుకల దిండు, దాని కింద రబ్బరు పట్టీలు. పట్టీలు ఎండి, వంచితే పుల్లల్లా విరుగుతున్నాయి. అమ్మగారి సీటు దిండు మధ్యలో సమంగా అణిగి ఉంది. డ్రైవరు సీటుది అలా కాదు. ఒక పక్క అంచు పూర్తిగా కూలిపోయింది. నడుము దగ్గర గిన్నె అదిమి తీసినట్టు పల్లం. ఆవిడ ఆ పల్లంలో చెయ్యి పెట్టి చూసింది. నడుము పట్టేసినప్పుడు ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చునేదీ ఇలాగే, ఒక పక్కకి ఒరిగి. కొలత తీయక్కర్లేదు అనుకుంది. ఈ మనిషికి కళ్ళు మూసుకుని కుట్టగలదు.

పదకొండింటికి అమ్మగారి మేనల్లుడు వచ్చాడు. పొడుగ్గా, శుభ్రంగా, గడప దగ్గరే చెప్పులు విప్పబోయే రకం. ఇది షెడ్డు బాబూ, మేకులుంటాయి, వేసుకునే రా అంది ఆవిడ కంగారుగా. మేకు గుచ్చుకుంటే తర్వాత ఏమేం అవుతాయో ఆవిడకి వరసగా తెలుసు.

డ్రైవరు సీటు తన కొలతకి చేయమన్నాడు. ఆవిడ టేపు తీస్తూ, డ్రైవరు ఉన్నాడు కదా అంది. అతనికి ఆవిడెవరో తెలియదు. సీట్లు కుట్టే ఆంటీ, అంతే.

"ఇక అవసరం ఉండదు ఆంటీ. ఆ గేరు ఆయనకి తప్ప ఎవరికీ పడేది కాదు. అందుకే ఇన్నాళ్ళూ ఆయన. ఇది బాగైపోతే అత్తయ్యని నేనే తిప్పుతాను. పెద్దాయన కూడా అలిసిపోయాడు పాపం."

మరీ మంచిగా అన్నాడు. కసురుకుని ఉంటే ఆవిడా ఒక మాట అనేది. పళ్ళ మధ్య దారం అలాగే పట్టుకుని, ఉత్త చట్రం నేల మీద పెట్టి అతన్ని కూర్చోబెట్టింది. కాళ్ళు చాపమంది. తొడ పొడవు, వీపు ఎత్తు, భుజాల వెడల్పు. అట్టముక్క మీద సుద్దతో రాసుకుంది. ఆయన కన్నా నాలుగు వేళ్ళు పొడుగు. నడుము నిటారు.

అతను వెళ్ళాక ఆవిడ చాలాసేపు ఆ అంకెల కేసి చూస్తూ కూర్చుంది. ఆయనకి ఇంకేం పని వచ్చు? సాయంత్రం అయిదింటికి తెల్లచొక్కా వేసుకుని బయల్దేరని రోజు ఆయన ఏం చేస్తాడు? పక్క వీధి పోస్టుమాను ఉద్యోగం దిగిపోయిన ఆర్నెల్లకే పోయాడు. నిన్న రేకు మూత తన్నేసింది కూడా ఇందుకేనేమో. మనసు ముందే కనిపెట్టి ఉంటుంది, మనిషికి పరధ్యానం వచ్చింది. ఆవిడ లెక్కలు ఎప్పుడూ అటే పోతాయి. ఒక్క ఘడియలో ఆయన్ని మంచం పట్టించి, ఇంకో ఘడియలో తను ఒంటరిదై గోడ పట్టుకు నిలబడేదాకా వెళ్ళింది.

లేచి వెనక సగంలోకి నడిచింది.

కొడుకు పాత పేపరు పరిచి ఇత్తడి రింగులు వరసగా పెట్టుకున్నాడు. గేరు మారేటప్పుడు రెండు చక్రాలూ ఒకే వేగానికి వచ్చేదాకా పట్టి ఆపే రింగులు అవి. అరిగితే పట్టు పోతుంది, చక్రాలు కొట్టుకుంటాయి. పాత రింగుని గేరు చక్రం మీద నొక్కి తిప్పాడు. గాజులా గిర్రున తిరిగింది. కొత్తది నొక్కాడు. కదల్లేదు. "చూశావా" అన్నాడు, పరీక్షలో మార్కులు చూపించిన మొహంతో.

"రెండో గేరుకి పాతదే ఉంచెయ్యి" అంది ఆవిడ.

వాడికి అర్థం కాలేదు. ఆవిడ కూర్చుని, మేనల్లుడు అన్నదంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. వాడి చేతిలో రింగు అలాగే ఉండిపోయింది. నాన్నకి తెలుసా అన్నాడు. తెలిస్తే పొద్దస్తమానం డ్రమ్ము మీద కూర్చుని జబ్బులన్నీ విప్పి చెబుతాడా, పిచ్చి మారాజు అంది. పోనీ అడుగుదామన్నాడు. అడిగితే బాగుచెయ్యమనే అంటాడు, ఆయన సంగతి నాకు తెలీదా అంది.

"పని తెలిసినవాడు చేసే పని కాదమ్మా అది."

"నీకు పని నేర్పిందెవరు? ఆ గేరు మీద చెయ్యి వేసే కదా నీకు అన్నం పెట్టాడు. ఇప్పుడు ఆయన కూర్చున్న కొమ్మని నీ చేత్తోనే నరుకుతావా?"

అన్నాక, అంత మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకే అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. వాడు రింగుని గుడ్డతో తుడిచాడు. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడిచాడు.

ఆ మర్నాడు కొడుకు గేరు బొక్కలో గ్రీజు పూసి, కొత్త రోలర్లని చిమటాతో ఒక్కొక్కటే నిలబెట్టాడు. గ్రీజే వాటిని పట్టి ఉంచాలి. ఒకటి పడితే మళ్ళీ మొదటికే. అసలు షాఫ్టు వచ్చేదాకా అవి రాలిపోకుండా, తనే లేతు మిషను మీద తరిణె పట్టించుకున్న ఒక చిన్న కడ్డీని మధ్యలో దూర్చాడు. మామూలుగా అయితే ఆ కడ్డీ ఎంత తెలివైనదో తల్లిని పిలిచి చెప్పేవాడే. పిలవలేదు. ఆవిడ తలెత్తినప్పుడు, వాడు ఒక కొత్త రింగుని పేపరు ముక్కలో చుట్టి చొక్కా జేబులో వేసుకోవడం కనిపించింది. ఆవిడ వెంటనే తల దించుకుంది.

వాడు చేసిన తప్పులో తనకీ వాటా ఉండాలనుకుందో ఏమో, అట్టముక్క మీది కొలతల్ని పక్కన పెట్టేసింది. వీపు ఎత్తు నాలుగు వేళ్ళు తగ్గించి కోసింది. కూలిపోయే పక్క గట్టి దిమ్మ పెట్టింది, నడుము దగ్గర ఆయన పల్లానికి సరిపోయేట్టు మెత్తటి పొర నింపింది. నిలువు మడతలు తొమ్మిది కుట్టింది. అంచుకి సన్నటి తోలు పైపింగు తిప్పి, మూలల్లో వంకర సూదితో చేత్తో బిగించింది. తోలు మీద కుట్టు ఒక్కసారే. బట్టలాగా విప్పి మళ్ళీ కుట్టడానికి ఉండదు, పడ్డ బెజ్జం పడ్డట్టే ఉంటుంది. ఆ సంగతి తెలిసే కుట్టింది. పొడుగాటి అబ్బాయికి ఈ సీటులో పది నిమిషాలకి వీపు పీక్కుపోతుంది. పోనీ.

శుక్రవారం పదింటికి ఇంజను మళ్ళీ కారులోకి దిగింది. ఈసారి ఆవిడ గొలుసు కేసి చూడలేదు.

భర్త వచ్చేసరికి కారు వీధిలో నిలబెట్టి ఉంది. కొడుకు తాళం ఇవ్వబోయాడు. నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుని వింటాను అన్నాడాయన. కొడుకుని గౌరవించాడనుకుంది సీట్లమ్మ. ముప్పై ఏళ్ళలో ఆయన పక్క సీటులో కూర్చోగా చూడటం అదే మొదలు. తలుపు అంచు కోసం చెయ్యి చాచి, ఒకసారి తప్పి, రెండోసారి పట్టుకున్నాడు. కారు మలుపు తిరిగింది. మూడో గేరు నుంచి దించుతుండగా దూరంగా కరకరమంది. ఆవిడ ఊపిరి వదిలింది. పని జరిగింది, గేరు పాతలాగే ఉంది.

పది నిమిషాలకి తిరిగొచ్చారు. కొడుకు మొహంలో నెత్తురు లేదు. ఆయన దిగి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇంజను మళ్ళీ తియ్యి" అన్నాడు.

కొడుకు స్పానరు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడ్డాడు.

"గేరు మీద వాడి చేతి మీద నా చెయ్యి పెట్టాను" అన్నాడాయన, ఎవరికో చెబుతున్నట్టు. "నాలుగు గేర్లలో మూడు వెన్నలా పడుతున్నాయి. రెండోదాంట్లో పాత రింగే ఉంది. మర్చిపోయి పెట్టింది కాదు. మర్చిపోయినవాడి చెయ్యి వణకదు. కొత్తది ఏదిరా?"

కొడుకు తల్లి కేసి చూశాడు. ఆ చూపు ఆయనకి అందిందో లేదో గాని, వాడు చూశాడని మాత్రం తెలిసింది. వాడు జేబులోంచి పేపరు పొట్లం తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

"నేనే పెట్టించాను" అంది సీట్లమ్మ. "వాడినేం అనకండి."

ఆయన కారు చుట్టూ నడిచి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. వీపు వెనక్కి ఆనించాడు, ఒక పక్కకి ఒరిగాడు. సీటు ఆయన్ని ఎత్తి పట్టుకుంది.

"నా నడుము సంగతి దీనికెవరు చెప్పారే" అన్నాడు.

అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది. మేనల్లుడి మాటలు, తన భయం, అన్నీ కలగాపులగంగా చెప్పుకొచ్చింది. మిమ్మల్ని తీసి అవతల పెడుతున్నారండీ, మీకు తెలియనివ్వకుండా మీ కొడుకు చేతే చేయిస్తున్నారండీ అంది.

"నాకు తెలియకపోవడమేంటి. బాగుచేయించమని అమ్మగారిని అడిగింది నేనే."

కొడుకు స్పానరు నేల మీద పెట్టాడు.

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా చూస్తూ చెప్పాడు. రెండు నెలల కిందట, పాత మిల్లు గోడ మలుపులో, అంచున ఒక గోనెసంచి పడి ఉందనుకున్నాడు. అసలు ముందు అదీ కనిపించలేదు, అమ్మగారు కేక వేశాక కనిపించింది. బ్రేకు వేశాక చూస్తే సంచి కాదు. వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటున్న మనిషి. మూరెడు దూరం. అతనికి ఏం జరగబోయిందో కూడా తెలియలేదు. పట్టీ పెట్టుకుని, లేచి, తన దారిన తను పోయాడు. అమ్మగారు ఇంటికొచ్చేదాకా కళ్ళు తెరవలేదు. మర్నాడు ఆయన ఒక్కడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళలో ఒత్తిడి పెరిగి చూపు అంచులు పోయాయన్నారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడటానికి చుక్కల మందు.

"ఎదురుగా చూస్తే నువ్వు బాగానే కనిపిస్తావు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. పక్కనున్నది ఏదీ లేదు."

రేకు మూత. ఎక్కడ పెట్టుకున్నారు కళ్ళు అన్న మాట ఆవిడ చెవిలోనే మళ్ళీ వినిపించింది. మొన్న గుమ్మం దగ్గర బిందె తన్నడం, అంతకు ముందు గ్లాసు బల్ల అంచు దాటించి పెట్టడం, వయసు మీదపడినా ఒళ్ళు దగ్గర పెట్టుకోరని తను సణగడం. ఇంట్లో ఏ మూల ఏ ప్రమాదం పొంచి ఉందో రోజూ వెతికిన మనిషి, కంచం ముందు కూర్చున్నవాడి కళ్ళలోకి చూడలేదు.

"గేరు పాతలాగే ఉంటే అమ్మగారు ఇంకొకర్ని పెట్టుకోలేరు. నువ్వే రా అంటారు. రమ్మంటే నేను వెళ్తాను, నా సంగతి నాకు తెలుసు. ఇవాళొక్కరోజుకే, ఈ ఒక్క చుట్టుకే అనుకుంటూ వెళ్తాను. ఏదో ఒక రోజు ఆ మనిషి చెప్పు పెట్టుకుని లేవడు. అందుకే ఎవడెక్కినా పడేలా చెయ్యమన్నాను." పొట్లం విప్పి రింగుని వేలితో తడిమాడు. "నువ్వు నన్ను ఇంకా ఎక్కించబోయావు."

ఆవిడ కారు తలుపు పట్టుకుని వంగి ఆయన కళ్ళలోకి చూసింది.

"నాతో ఒక్క మాట చెప్పలేదే" అంది చివరికి.

"కాల్లో ముల్లు గుచ్చుకుందంటే కాలు తీసేస్తారంటావు. నీతో ఎలా చెప్పను?" ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "నువ్వు భయపడ్డవేవీ జరగవని ఇన్నేళ్ళూ నీ ముందు నవ్వాను. ఒకటి జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు."

కొడుకు షెడ్డులోకి వెళ్ళి కొక్కెం కిందికి లాగాడు. గొలుసు చప్పుడు వాళ్ళ మధ్య చాలాసేపు నిండిపోయింది.

మళ్ళీ మూడు రోజులు పట్టింది. కొడుకు బాక్సంతా విప్పి రెండో గేరుకి కొత్త రింగు వేశాడు. రింగుకీ చక్రానికీ మధ్య సందు సన్నటి రేకు ముక్క దూర్చి కొలిచి, తండ్రి చేతికి కూడా ఇచ్చి చూపించాడు. సీట్లమ్మ డ్రైవరు సీటు కుట్లు బ్లేడుతో కోసింది. తొమ్మిది మడతల వెంబడీ బెజ్జాలు చీమల బారులాగా బయటపడ్డాయి. ఆ తోలు ఇక దేనికీ పనికిరాదు. కొత్త తోలు పరిచి అట్టముక్క మీది అంకెలు చూసి కోసింది. నడుము నిటారుగా ఉన్నవాడి కొలత. చెయ్యి ఒక్క వేలు కూడా అటూ ఇటూ పోనివ్వలేదు. పొడుగాటి అబ్బాయికి వీపు నొప్పి పుడితే, ఆ నొప్పికి సర్దుకోబోయి ఒక్క క్షణం రోడ్డు మీంచి చూపు తిప్పితే, ఏం జరుగుతుందో ఇప్పుడు ఆవిడకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

మంగళవారం సాయంత్రం అయిదింటికి అమ్మగారు మేనల్లుడితో వచ్చారు. చేతికర్ర, నెత్తికి రుమాలు, బయల్దేరడానికి ఎప్పుడూ వచ్చినట్టే వచ్చారు. మేనల్లుడు సీటులో కూర్చుని, అచ్చం నా కోసమే పుట్టినట్టుంది ఆంటీ అన్నాడు. ఆ ఆంటీ ఎవరో అప్పటికి తెలిసింది కాబోలు, మొహం ఎర్రబడింది. క్షమించమనడానికి మాట కోసం వెతుక్కున్నాడు. ఆవిడ వెతకనివ్వలేదు, బెల్టు పెట్టుకో బాబూ అంది.

భర్త అమ్మగారి వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. అమ్మగారు కూర్చున్నాక చీర కొంగు లోపలికి సర్ది తలుపు మూశాడు. ఆవిడ ముందుకే చూస్తున్నారు.

"వెళ్ళొస్తాను డ్రైవరూ" అన్నారు.

ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఎప్పుడూ కలిసే వెళ్ళేవాళ్ళు కదా.

"మంచిదమ్మగారూ" అన్నాడాయన.

కారు కదిలింది. మలుపు దగ్గర మేనల్లుడు గేరు దించాడు. చప్పుడు లేదు. ఎంత చెవి ఒగ్గి విన్నా గాలి తప్ప ఏమీ వినిపించలేదు. కొడుకు చేతులు తుడుచుకుంటూ తండ్రి కేసి చూశాడు. "బాగా పడింది రా" అన్నాడాయన. కొడుకు గబుక్కున లోపలికి వెళ్ళిపోయి, అవసరం లేకపోయినా టైర్లకి గాలి కొట్టే మోటారు వేసుకున్నాడు.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. రోజూ ఆయన రెండడుగులు ముందుండేవాడు. ఇవాళ పక్కనే నడిచాడు. ఆవిడకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. చుక్కల మందు వేళకి వేసుకుంటున్నారా, ఆ డాక్టరు సరైనవాడేనా, ఇంకో డాక్టరుకి చూపిద్దామా, ఉన్నది కూడా పోతే. ఒక్కటీ పైకి రాలేదు. మొదటిసారిగా ఆవిడ భయం ఆవిడ నోరు దాటలేదు.

పెద్దరోడ్డు దగ్గరికొచ్చి ఆగారు. ఆఫీసులు వదిలే వేళ. ఆయన ఎదురుగా అవతలి ఫుట్‌పాత్ మీదే చూపు నిలిపి నిలబడ్డాడు. రెండు వైపులా తల తిప్పి వెతకలేదు. చెయ్యి చాచాడు. ఎప్పుడూ వీధిలో చెయ్యి పట్టుకునే అలవాటు లేని మనిషి. ఆవిడ వేళ్ళు దొరికేదాకా గాలిలో తడిమి పట్టుకున్నాడు.

"ఆ పక్కనుంచి ఏమొస్తోంది?" అన్నాడు.

ఆవిడ చూసింది. లారీ వస్తోంది, దాని వెనక ఇంకేదో ఉండి ఉంటుంది, బ్రేకులు పడవేమో, డ్రైవరు తాగి ఉన్నాడేమో. అవన్నీ పక్కకి నెట్టి, ఉన్నదొక్కటే చూసింది.

"లారీ. దూరంగానే ఉంది. ముందు దాన్ని పోనిద్దాం."

"ఇటు?"

"సైకిలు. వెళ్ళిపోయింది."

లారీ పోయింది. దుమ్ము సర్దుకునేదాకా ఆగారు. రోడ్డు ఖాళీ అయింది. ఆయన కదల్లేదు. ఆవిడ ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూస్తున్నాడని ఆవిడకి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"రండి" అంది.